పక్క వీధి పప్పుకు ‘బాగుంది’ అన్నావట

సోమవారం

గౌరవనీయులైన లిఫ్టు మెకానిక్ గారికి,

మేమిక్కడ క్షేమం అని మొదలుపెడదామని కూర్చున్నాను. కానీ మేము క్షేమంగా లేము. మీ క్షేమం గురించి ఇవాళ మధ్యాహ్నం దాకా మేం పడ్డ బెంగంతా దండగైపోయింది.

రెండు నెలల కిందట మీరు మా రెస్టారెంటుకు వచ్చి, బయటి భోజనం మానేయమని డాక్టరు చెప్పాడనీ, ఇక ఇంట్లోనే గంజి కాచుకుని తాగుతాననీ చెప్పి వెళ్ళారు. ఆ రోజు మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “ఒంటరి మనిషి, ఆ గంజి మాత్రం ఎవరు కాస్తారు” అని వారం రోజులు నా ప్రాణం తోడేసింది. మీరు కూర్చునే కిటికీ పక్క బల్ల మీద ‘రిజర్వుడు’ అని అట్టముక్క పెట్టి, ఎంత గిరాకీ ఉన్నా ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు.

ఇవాళ మాకు సెలవు. ఉల్లిపాయల కోసం మార్కెట్టుకు వెళ్ళి, బస్సు తప్పిపోయి, పక్క వీధిలోంచి నడిచి వస్తున్నాం. ఆ వీధిలో చెప్పుల దుకాణానికీ బట్టలుతికే దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఇంకో ఇండియన్ రెస్టారెంటు ఉంది కదా. బోర్డులో సగం అక్షరాలకు దీపం వెలగదు. ఆ అద్దంలోంచి మీరు కనిపించారు. గంజి తాగడం లేదు. పప్పూ అన్నం తింటున్నారు. నేను భుజం మీద బస్తాతో నిలబడి చూస్తుండగానే గిన్నె ముందుకు జరిపి రెండోసారి పప్పు వేయించుకున్నారు.

మా దగ్గర మీరు ఏనాడైనా రెండోసారి పప్పు అడిగారా? నేను గరిటె పట్టుకుని వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టేవారు. ఆ చెయ్యి ఇవాళ అడ్డం రాలేదు. నేను చూశాను.

ఇంతకన్నా రాయడానికి నాకు చేతులు రావడం లేదు.

ఇట్లు,
ఒకప్పటి మీ వంటాయన

తా.క. ఫోను ఎందుకు చేయలేదని అడుగుతారేమో. ఫోనులో అయితే నాకు ముందు కోపం వస్తుంది, మాట తర్వాత వస్తుంది. ఉత్తరంలో రెండూ కలిసి వస్తాయి.

ఇంకో తా.క. నేను మీ వదినను. ఈ ఉత్తరం పంపొద్దని చెప్పాను, వినలేదు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆ బస్తా భుజం మీంచి దించలేదు. ఉత్తరం కూడా అలాగే రాశారు. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.


గురువారం

అన్నయ్యగారికీ వదినగారికీ నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అందులో ‘మీరు’ అన్న మాట చూసి నా గుండెల్లో రాయి పడ్డట్టయింది. ఆరేళ్ళుగా “ఏరా, ఇవాళ ఆలస్యమైందే” అని పలకరించిన మనిషి నన్ను ‘గౌరవనీయులైన’ అన్నారంటే నేనేం పాపం చేశానో నాకే తెలియాలి.

మీరు చూసింది నిజమే. జరిగింది వేరు. ఆ రోజు ఆ వీధిలో ఒక పెద్ద మేడలో లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల ఇద్దరు పెద్దవాళ్ళూ ఒక కుక్కా ఇరుక్కుపోయారు. నేను తాళ్ళు చూసి, మోటారు చూసి, వాళ్ళను బయటికి తీసేసరికి మధ్యాహ్నం దాటింది. ఆకలికి కళ్ళు తిరిగాయి. ఎదురుగా ఉన్న భోజనశాల అదొక్కటే. ఇంటికి వెళ్ళి గంజి కాచుకునే ఓపిక లేదు. డాక్టరును తలుచుకుని, భయపడుతూనే నాలుగు ముద్దలు తిన్నాను.

రెండోసారి వేయించుకోవడం అంటారా, అది ఆకలి. మనసు పెట్టి అడిగింది కాదు.

మా కంపెనీలో పని ఎక్కువగా ఉంది. ఆరోగ్యం కుదుటపడగానే మీ కిటికీ పక్కకు వచ్చి వాలతాను. ఆ అట్టముక్క మాత్రం తీయకండి.

ఇట్లు,
ఎప్పటికీ మీ తమ్ముడు

తా.క. కుక్క క్షేమంగా ఉంది. వదినగారు అడుగుతారని రాస్తున్నాను.


ఆదివారం

తమ్ముడికి,

‘మీరు’ అంటే నొచ్చుకున్నావని మా ఆవిడ అంది. అందుకని మళ్ళీ నువ్వు అంటున్నాను. కోపం మాత్రం ఇంకా మీరు స్థాయిలోనే ఉంది.

నీ ఉత్తరం చదివి, నేను పొయ్యి కట్టేసి, ఏప్రానుతోనే ఆ వీధికి వెళ్ళాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండుసార్లు నడిచాను. ఆ వీధిలో మేడ ఏదిరా? చెప్పుల దుకాణానికి పైకప్పు తప్ప పైన ఏమీ లేదు. బట్టలుతికే దుకాణానికి గుమ్మం ముందు ఒక మెట్టుంది. దానికి లిఫ్టు పెట్టించుకున్నారా? మిగిలినవాటిలో ఎత్తయినది దీపం స్తంభం. నీ ఇద్దరు పెద్దవాళ్ళూ కుక్కా ఆ స్తంభంలో ఇరుక్కున్నారా?

చెప్పుల దుకాణం ఆయన మంచి మనిషి. నేనేమీ అడగకముందే చెప్పాడు. “ఆ లిఫ్టు ఆయనా? రోజూ వస్తాడండీ. ఒంటిగంట కొట్టకముందే వచ్చి, ఆ వంటావిడ బల్లల మీంచి కుర్చీలు దించేలోపల ఒక కుర్చీ తనే దించుకుని కూర్చుంటాడు” అన్నాడు. రోజూ అన్నాడు తమ్ముడూ. నేను మళ్ళీ అడిగాను. మళ్ళీ రోజూ అనే అన్నాడు. నాకు అక్కడే ఒక జత చెప్పులు అమ్మాడు. అవి కొన్నానన్న సంగతి ఇంటికొచ్చాక తెలిసింది.

సరే. వెళ్తున్నావు. ఒక్క మాట చెప్పు చాలు, ఇంకేమీ అడగను. ఆవిడ పోపులో ఏం వేస్తోంది? వెల్లుల్లి దంచి వేస్తోందా, చిదిమి వేస్తోందా? ఇంగువ ఎక్కువా? పప్పు వేయించి ఉడికిస్తోందా? నేను రాత్రింబవళ్ళు అదే ఆలోచిస్తున్నాను. మొన్న మూడు రకాలుగా పప్పు వండి, మూడూ నేనే తిని, ఏది నీకు నచ్చుతుందో తేల్చుకోలేక కడుపు పట్టుకుని పడుకున్నాను.

నీ ఆరోగ్యం గురించి అడగను. ఆ డాక్టరు కూడా ఆ మేడలోనే ఉంటాడనుకుంటాను.

ఇట్లు,
వంటాయన

తా.క. ఆ చెప్పులు నాకు బిగువు.

ఇంకో తా.క. మరిదీ, నేను. ఆయన పోపు గురించి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నారు. ఇందులో పోపు లేదని నాకు మొదటి రోజే తెలిసింది. అద్దంలోంచి నేనూ చూశాను కదా. నువ్వు గిన్నె ముందుకు జరిపావు కానీ గిన్నె వంక చూడలేదు. ఆయనకు చెప్పలేదు. మనిషి రెస్టారెంటుకు కూర కోసం కాకుండా ఇంకొకందుకు వెళ్తాడంటే ఆయన తట్టుకోలేరు.


బుధవారం

అన్నయ్యగారికి నమస్కారాలు.

మేడ లేదు. పెద్దవాళ్ళు లేరు. కుక్క లేదు. డాక్టరు కూడా లేడు. అన్నీ నేను కల్పించినవే. ఇంతకన్నా సిగ్గుపడడం నాకు చేతకాదు కాబట్టి ఇక నిజం రాస్తున్నాను.

ఆవిడ పోపులో ఏం వేస్తుందో నాకు తెలియదు. తెలిసే వీలు లేదు, ఎందుకంటే ఆ పోపు ఎప్పుడూ నల్లగా ఉంటుంది. పప్పు అడుగంటుతుంది. రొట్టెలు ఒకవైపు పచ్చిగా, ఇంకోవైపు బొగ్గుగా ఉంటాయి. కూరలో ముక్క ఉడకదు, ఉడికిన రోజున ముక్క కనపడదు. అన్నయ్యగారూ, నేను ఈ నగరంలో మన తిండి దొరికే చోటల్లా తిన్నాను. పని మీద ఎక్కడికి వెళ్తే అక్కడ తింటాను కదా. అంత ఘోరమైన భోజనం ఎక్కడా చూడలేదు.

మొదటి రోజు వానకు తడిసి లోపలికి వెళ్ళాను. బల్లలన్నీ ఖాళీ. ఆవిడ వంటా తనే, వడ్డనా తనే. నన్ను చూసి, ఎవరో దారి తప్పి వచ్చారనుకుని “అడ్రసు కావాలా?” అంది. భోజనం కావాలన్నాను. కాసేపు నమ్మలేదు. తర్వాత పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్ళి పప్పు తెచ్చింది. నేను తింటుంటే ఎదురుగా నిలబడి “ఎలా ఉంది?” అంది. ఆ మొహం చూసి నేను ‘బాగుంది’ అన్నాను. అన్నాక ఇక నా చేతిలో ఏముంది. బాగుందని చెప్పినవాడు మర్నాడు రాకపోతే ఆ మాట అబద్ధమైపోదా? అందుకని మర్నాడు వెళ్ళాను. రెండోసారి కూడా వేయించుకున్నాను. మీ దగ్గర ఇలా జరగదు. మీరు ఎలా ఉందని అడగరు, మీకు తెలుసు కాబట్టి.

పప్పు మాడడానికి కారణం కూడా నేను కనిపెట్టాను. ఆవిడ పొయ్యి మీద గిన్నె పెట్టి వీధిలోకి చూస్తుంది. బయట ఎవరైనా కారు వెనక్కి పెట్టలేక తిప్పలు పడుతుంటే తట్టుకోలేదు. గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చి “కొంచెం కుడికి, కుడికి, ఇప్పుడు చక్రం తిప్పండి” అని చెప్తుంది. కారు చక్కగా వెళ్ళి నిలబడుతుంది. లోపల పప్పు మాడుతుంది. తర్వాత వచ్చి, ఆ కారు ఆయన చేసిన తప్పేమిటో నాకు వివరంగా చెప్తుంది. నేను వింటూ తింటాను. వింటుంటే తినేయవచ్చు.

నేను మానేస్తే ఆ రెస్టారెంటు మూతపడుతుంది అన్నయ్యగారూ. నేనొక్కడినే గిరాకీ. అందుకే వెళ్తున్నాను. ఇంకేమీ లేదు.

ఇట్లు,
మీ తమ్ముడు

తా.క. దయచేసి మీరు అక్కడికి వెళ్ళకండి. మీరు తిన్నారంటే మీ మొహంలో తెలిసిపోతుంది.

ఇంకో తా.క. వదినగారూ, నేను గిన్నె వంక చూడకపోవడానికి కారణం ఆ గిన్నెలో ఉన్నదే. మీరు ఇంకోలా అనుకోవద్దు.


శుక్రవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం మా ఆవిడ రెండుసార్లు చదివి నవ్వుకుంది. ఏముందని నవ్వుతున్నావంటే చెప్పలేదు. నాకు మాత్రం అందులో ఒక్క మాటే కనిపించింది. మిగతాదంతా ఆ మాట చుట్టూ పొగలా ఉంది.

ఆవిడకు ‘బాగుంది’ అన్నావు.

ఆరేళ్ళు నా చేతి వంట తిన్నావు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నాకు ఆ మాట అన్నావా? ‘ఊఁ’ అనేవాడివి. నేను వంటింట్లో సొరుగులు వెతుకుతున్నట్టు నటిస్తూ ఆ ఊఁ కోసం చెవి ఇటు వేసి ఉండేవాణ్ణి. అది సాగదీసినట్టు వస్తే కూర కుదిరిందని లెక్క. పొట్టిగా వస్తే ఆ రోజు నాకు అన్నం సయించేది కాదు. మా ఆవిడ “ఇవాళ పొడుగ్గా అన్నాడండీ, నేను విన్నాను” అని నన్ను ఊరడించేది. అలాంటిది, ఊరూ పేరూ తెలియని ఆవిడ మొదటి రోజే అడగ్గానే మాట మొత్తం ఇచ్చేశావు. నేను అడగను కాబట్టి నాకు అక్కర్లేదనుకున్నావు. అడగనివాడికే ఎక్కువ ఆశ ఉంటుందిరా.

ఇంకొకటి. అంత ఘోరంగా ఉంటుందని రాశావు చూడు, అది నేను నమ్మను. నా మనసు నొచ్చుకోకుండా రాశావు. మాడిన పప్పు ఏ మనిషైనా రోజూ రెండుసార్లు వేయించుకుంటాడా? మూతపడుతుందని జాలితో వెళ్తున్నావా? నా రెస్టారెంటు ఏ రాజుగారి కోట? మొన్న మధ్యాహ్నం ఇద్దరే వచ్చారు, వాళ్ళలో ఒకాయన నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. మరి నా మీద జాలి లేదేం?

ఆ పప్పులో ఏదో ఉంది. అది మాడిన రుచి అని నీ నాలుకకు అనిపిస్తోందేమో కానీ, పొయ్యి దగ్గర పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలుస్తుంది. సోమవారం నేనే వెళ్ళి తింటాను. వెళ్ళొద్దని రాశావంటేనే అర్థమవుతోంది, అక్కడ దాచాల్సింది ఉందని.

ఇట్లు,
‘ఊఁ’ తో సరిపెట్టుకున్నవాడు

తా.క. అట్టముక్క తీసేశాను.

ఇంకో తా.క. మరిదీ, ఆయన తీసేశారు, నేను మళ్ళీ పెట్టాను. ఇప్పుడు తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. పోటీవాడి ఇంటికి నలిగిన చొక్కాతో వెళ్ళకూడదట. మా పెళ్ళిచూపులకు నలిగిన చొక్కాతోనే వచ్చారు.


శనివారం

గౌరవనీయులైన రెస్టారెంటు యజమాని గారికి,

మిమ్మల్ని ఈ పిలుపుతో పిలవాల్సిన రోజు వస్తుందని నేను అనుకోలేదు.

సోమవారం నేను ఒంటిగంటకు వెళ్ళేసరికి నా కుర్చీలో మీరున్నారు. తెల్ల చొక్కాలో. నన్ను చూసి కూడా చూడనట్టు మొహం తిప్పుకున్నారు. సరే, అలకలో ఉన్నారు, తిని వెళ్ళిపోతారులే అనుకుని మూల బల్ల దగ్గర కూర్చున్నాను. మీరు వెళ్ళలేదు. ఆవిడ మీ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్నాళ్ళలో నా ఎదురుగా ఎప్పుడూ నిలబడే మాట్లాడింది. మీరేదో అన్నారు. ఆవిడ నవ్వింది. చిన్నగా నవ్వడం కాదు, బల్ల మీద చెయ్యి పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేను రోజూ ‘బాగుంది’ అని చెప్తే ఒక్కరోజు అలా నవ్విన పాపాన పోలేదు.

మంగళవారం మీ రెస్టారెంటుకు సెలవు లేదు. అయినా మీరు అక్కడే ఉన్నారు. ఈసారి వంటింట్లో, చొక్కా చేతులు మడుచుకుని. బుధవారం కూడా. ఏమైనా మాట్లాడదామని నేను “ఇవాళ కార్లు ఎలా ఉన్నాయి?” అని అడిగితే ఆవిడ వీధి వంక కూడా చూడకుండా “ఉండండి, అన్నయ్య పోపు మాడనివ్వొద్దన్నారు” అంది. అన్నయ్యట. మూడు రోజుల్లో. నాకు మీ నోట ‘ఏరా’ అనిపించుకోవడానికి సంవత్సరం పట్టింది.

ఇక గురువారం సంగతి. గురువారం పప్పు బాగుంది. నిజంగా బాగుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకు చెమటలు పట్టాయి. ఇంత బాగుంటే జనం వస్తారు. వచ్చారు కూడా. చెప్పుల దుకాణం ఆయన వచ్చాడు, తన వెంట ఇంకో ఇద్దర్ని తీసుకొచ్చాడు. ఆవిడ వాళ్ళ చుట్టూ తిరిగింది. చివరికి నా దగ్గరకు వచ్చి “ఎలా ఉంది?” అని అడిగింది. సగం గిన్నె వదిలేసి లేచి వచ్చేశాను.

మీరు గెలిచారు. మీకున్నవి చాలక పక్క వీధిలో కూడా మీ పప్పే తినాలా అందరూ? నాకని ఒక్క చోటు ఉండకూడదా? నేను ఇక అక్కడికి వెళ్ళను. మీ దగ్గరకూ రాను. గంజి కాచుకుంటాను. ఈసారి నిజంగానే.

ఇట్లు,
లిఫ్టు మెకానిక్

తా.క. వదినగారూ, మీ మేలు కోరి రాస్తున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయన రోజూ ఎక్కడికి వెళ్తున్నారో కొంచెం చూసుకోండి.


బుధవారం

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం నాకు అర్థం కాలేదు. మా ఆవిడ పక్కన కూర్చుని ఒక్కొక్క వాక్యం విడమర్చి చెప్పింది. చెప్పాక నేను తల పట్టుకున్నాను. నువ్వు పప్పు కోసం వెళ్ళలేదన్నమాట. ముందే చెప్పి ఉంటే నేను మూడు రకాల పప్పు తినేవాణ్ణి కాదు కదా.

ఇప్పుడు నేను చెప్పేది కదలకుండా కూర్చుని చదువు.

సోమవారం నేను ఆవిడ పప్పు తిన్నాను. నీకు క్షమాపణ చెప్పుకుంటున్నాను. నువ్వు తగ్గించి రాశావు. మొదటి ముద్ద మింగలేక, ఉమ్మలేక నేను కిటికీలోకి చూస్తుంటే, ఆవిడ ఎదురుగా కూర్చుని “బాగోలేదు కదండీ?” అంది. నేను ఉప్పు విషయంలో అబద్ధమాడలేను. “బాగోలేదమ్మా” అన్నాను. అప్పుడు నవ్వింది. ఆ నవ్వే నువ్వు చూసింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని “ఇన్నాళ్ళకు ఒక మనిషి నిజం చెప్పాడు” అంది.

ఆ రెస్టారెంటు వాళ్ళ అన్నయ్యది. సొంత అన్నది. నాలుగు నెలలు చూసుకోమని చెప్పి వేరే ఊరికి పోయి, అక్కడే స్థిరపడ్డాడు. ఈవిడకు వంట రాదు, ఇష్టం లేదు. ఊళ్ళో ఒక డ్రైవింగు స్కూలువాళ్ళు పాఠాలు చెప్పడానికి రమ్మని ఎప్పటినుంచో పిలుస్తున్నారు. మరి మూసేసి పోవచ్చు కదమ్మా అన్నాను. ఆవిడ గొంతు తగ్గించి, మూల బల్ల వైపు చూపించి ఏమందో తెలుసా? “ఎలా మూయనండీ? ఆయనొక్కడు రోజూ వస్తాడు. ఇంత ఘోరంగా వండినా బాగుందంటాడు, రెండోసారి వేయించుకుంటాడు. ఆయనకు ఇంకెక్కడా తిండి దొరకదు కాబోలు. నేను మూసేస్తే ఏమైపోతాడు?” అంది.

విన్నావా? నువ్వు ఆవిడ కోసం తింటున్నావు. ఆవిడ నీ కోసం వండుతోంది. మధ్యలో ఆ పప్పు ఎవరికీ అక్కర్లేకుండా రోజూ ఉడుకుతోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా కోసం ఎవరైనా ఇష్టం లేని పని ఒక్కరోజు చేశారా అనిపించింది. లేచి వచ్చేసేవాణ్ణే. కానీ ఆవిడ “అన్నయ్యా, మూసే లోపల ఆయనకు ఒక్కసారైనా మంచి భోజనం పెట్టాలని ఉంది. ఒక్క పప్పు నేర్పండి” అంది. అన్నయ్యా అన్నాక ఏం చేస్తాను? మూడు రోజులు మా రెస్టారెంటు మా ఆవిడకు అప్పగించి, అక్కడ నిలబడి నేర్పాను. ఇంత మొండి చెయ్యి నేను ఎక్కడా చూడలేదు. వీధిలో హారను మోగితే ఆవిడ మెడ అటు తిరుగుతుంది. నేను తలుపు మూసి నేర్పాను. గురువారం కుదిరింది. అది నీ కోసం వండిన పప్పు, దరిద్రుడా. జనం కోసం కాదు. నువ్వు మొహం ముడుచుకుని, సగం వదిలేసి పోయావు.

దాంతో ఆవిడ ఏమనుకుందో తెలుసా? నీకు మాడిన పప్పే ఇష్టమని. “ఇన్నాళ్ళూ ఆయన నిజమే చెప్పాడన్నయ్యా, నేనే నమ్మలేదు” అని ఏడ్చింది. ఇప్పుడు పనిగట్టుకుని మాడుస్తోంది. ఇదివరకు పొరపాటున మాడేది. ఇప్పుడు శ్రద్ధగా మాడుస్తోంది. శుక్రవారం నుంచి రోజూ మాడ్చి, గిన్నె మీద మూత పెట్టి, నువ్వు వస్తావేమోనని చూస్తోంది. నువ్వేమో గంజి తాగుతున్నావు.

కాబట్టి వెళ్ళు. వెళ్ళి ఆవిడ మొహం మీద చెప్పు, నీ వంట బాగోలేదని. ఆ ఒక్క మాట కోసం ఆవిడ ఎదురుచూస్తోందని ఆవిడకే తెలియదు. తర్వాత ఏం చెప్పాలో నీకు నేను నేర్పక్కర్లేదు, అది పోపు కాదు.

ఇంకొక చిక్కుంది. ఆవిడ నన్ను అన్నయ్యా అంటోంది. నువ్వూ అన్నయ్యా అంటున్నావు. ఈ లెక్కన మీరిద్దరూ నాకు చెల్లెలూ తమ్ముడూ అయిపోతున్నారు. ఇది కుదరదు. ఇద్దరిలో ఒకరు పిలుపు మార్చుకోవాలి. ఆవిడ ముందు పిలిచిందా నువ్వు ముందు పిలిచావా అని చూడను. ఆవిడ నాకు వంటింట్లో ఎదురు చెప్పలేదు. చెల్లెలు ఆవిడే. నువ్వు ఇవాళ్టి నుంచి నన్ను బావగారూ అని పిలువు.

ఇట్లు,
నీకు కాబోయే బావ

తా.క. మీ ఇద్దరూ భోజనానికి రండి. నేను ఎలా ఉందని అడగను. అయినా నువ్వు చెప్పాలి.

ఇంకో తా.క. మరిదీ, నేను. ఈ ఉత్తరం పోస్టులో వేయమని ఆయన నాకిచ్చారు. వేయలేదు. పోస్టులో వేస్తే నీకు అందడానికి రెండు రోజులు, ఆ రెండు రోజులూ ఆవిడ గిన్నెలు తోముకోలేక చస్తుంది. అందుకని నేనే పట్టుకొచ్చాను. నువ్వు లిఫ్టులు బాగుచేసే మనిషివి, మీ బిల్డింగులో లిఫ్టు పనిచేయదని నేను కలలో కూడా అనుకోలేదు. నాలుగో అంతస్తులో మీ మెట్ల మీదే కూర్చుని, ఆయాసం తీర్చుకుంటూ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. రాసి తలుపు కింద తోస్తాను.

మెట్లెక్కేటప్పుడు కింద ఆవిడ కూడా కనిపించింది. చెప్పుల దుకాణం ఆయన్ని అడిగి నీ అడ్రసు పట్టుకుందట. ఆరు రోజులుగా రాకపోతే జబ్బు చేసిందేమోనని భయపడి వచ్చింది. నేనెవరో ఆవిడకు తెలియదు, నేనూ చెప్పలేదు. చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది. వాసన మూడో అంతస్తు దాకా వచ్చింది. ఇప్పుడు రెండో అంతస్తు మలుపులో ఆగి ఊపిరి తీసుకుంటోంది.

తలుపు తీసి నువ్వే ఎదురు వెళ్ళు. గిన్నె అందుకో. తినొద్దు.